పోగు తెగిందన్న సైగ

మా పక్కింటి కాక పోయాడని నాకు చెప్పింది ఆయన భార్య. పొద్దున్నే మెస్సుకు బియ్యం కడుగుతున్నాను. చిన్నమ్మ గుమ్మంలో నిలబడి, "మీ కాక లేస్తలేడు బిడ్డా, జర వచ్చి చూడు" అంది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "యాడ? మిషన్ కాడనా?" అన్నాను. ఆయన కట్టెలు కోసే మిషన్ ముట్టుకుని రెండేళ్ళు దాటింది. నా భయం మాత్రం ఇంకా దాని పక్కనే కూర్చుని ఉంది. చిన్నమ్మ నా ముఖం వింతగా చూసి, "కాదే పిచ్చిదానా, మంచంలనే" అంది.

వెళ్ళి చూస్తే గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రలోనే పోయాడు. ఎవరైనా ముందు ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తారు. నేను దుప్పటి తీసి, ఆయన చేతులు రెండూ పట్టుకుని వేళ్ళు లెక్కపెట్టాను. పదీ ఉన్నాయి. అప్పుడు గానీ నాకు ఏడుపు రాలేదు.

ఎందుకు లెక్కపెట్టానో చెప్పాలంటే మిషన్ సంగతి చెప్పాలి.

కాక పడుచువయసులో కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చి, నలభై ఏళ్ళు మరమగ్గాల మీద పనిచేశాడు. మరమగ్గాలను మావాళ్ళు సాంచెలంటారు. ఆ సాంచెల చప్పుడు ఆయన చెవులను ముప్పాతిక వంతు తినేసింది. సూరత్ బమ్రోలిలో మా గల్లీలో గుజరాతీవాళ్ళు కూడా ఆయన్ని కాకా అనే పిలిచేవారు, వాళ్ళ భాషలోనూ ఆ వరస అదే. పిలిస్తే మాత్రం పలికేవాడు కాదు. భుజం తట్టాలి, లేదంటే ఎదురుగా వెళ్ళి నిలబడాలి. మా ఆయన కూడా ఆ కార్ఖానాలోనే చేసేవాడు. ఇద్దరూ వాకిట్లో కూర్చుని నోరు తెరవకుండా గంటసేపు మాట్లాడుకునేవారు, అంతా చేతి సైగలతోనే. చప్పుడులో పనిచేసేవాళ్ళకు అదొక భాష. గడ్డం నిమిరితే సేఠ్ వస్తున్నాడని. రెండు వేళ్ళు కలిపి ఎత్తి, విడదీస్తే, పోగు తెగింది, సాంచె ఆపు అని. ఆ సైగ చూసినవాడు అరచేత్తో ఛాతీ మీద ఒక్కసారి తట్టుకోవాలి. చూశాను, ఆపుతున్నాను అని దాని అర్థం. తట్టుకోకపోతే ఎదుటివాడు చెయ్యి దించడు. వాళ్ళను చూసి చూసి మా ఇళ్ళల్లో ఆడవాళ్ళకూ ఆ భాష వచ్చేసింది.

మా ఆయన పోయాక నేను మెస్సు పెట్టుకున్నాను. కాకకేమో కార్ఖానాలో పాత సాంచెలు పీకేసి కొత్తవి పెట్టడంతో పని పోయింది. ఆ ఏడు వానలకు గల్లీ చివర వేపచెట్టు కూలి అడ్డంగా పడింది. కాక దగ్గర్లోని ఉధ్నాలో పాత సామాన్ల దుకాణానికి వెళ్ళి, గొలుసుతో కోసే పెట్రోలు మిషన్ ఒకటి భుజాన వేసుకొచ్చాడు. "నీ పొయ్యికి కట్టెలు నేను చూస్త బిడ్డా" అన్నాడు. అప్పటికే ఆయనకు అరవై దాటింది. ఈ వయసులో ఇదేం పిచ్చి అని చిన్నమ్మ నెత్తి కొట్టుకుంది. నేను మాత్రం కట్టెలు దొరుకుతున్నాయి కదా అని నోరు మూసుకున్నాను. నా మంచితనం అంతమాత్రమే.

అప్పటినుంచి ఎక్కడ చెట్టు కూలినా ఇళ్ళ సొసైటీలవాళ్ళు కాకకే ఫోన్ చేసేవారు. ఆయనకు వినపడదు కాబట్టి ఆ ఫోన్ నా దగ్గరే ఉండేది. నిలబడ్డ చెట్టు జోలికి ఆయన ఏనాడూ పోలేదు. పడినవే కోసేవాడు. నేను కొమ్మలు లాగి టెంపోలో పేర్చేదాన్ని. ఆ మిషన్ మొదటిసారి గుర్రుమన్నప్పుడు నేను టెంపో వెనక్కి పోయి నిలబడ్డాను. ఆ తర్వాత పదేళ్ళలో ఒక్కరోజు కూడా ఆ భయం పూర్తిగా పోలేదు. ఆ మాట కాకతో అంటే సంతోషపడ్డాడు. "భయం ఉన్నన్ని దినాలే వేళ్ళుంటయి. అది పోయిన్నాడు మిషన్ పక్కన పెట్టు" అన్నాడు.

ఆయన పద్ధతులు ఆయనకుండేవి. పని మొదలుపెట్టేముందు చేతి గడియారం విప్పి నా చేతికి ఇచ్చేవాడు. ఆకురాయితో గొలుసు పళ్ళు ఒక్కొక్కటీ పదును పెట్టేవాడు. తర్వాత మొద్దు మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఊరికే ఉండేవాడు. చెట్టు లోపల పగులుతుంటే మనకు చిటపటమని వినిపిస్తుంది. ఆయనకు వినిపించదు. "దాని మాట నా చెవికి రాదు, చేతికొస్తది" అనేవాడు. వంగి బిగుసుకుపోయిన కొమ్మను చూపించి, "దీనికి కోపం ఏ దిక్కున ఉందో ముందు తెలుసుకో, అటు నిలబడకు" అనేవాడు. కోత నేర్పినప్పుడు మొదటి పాఠం కోత గురించి కాదు. "ముందుగాల కాళ్ళు చూసుకో. చెట్టు యాడికి పోదు" అన్నాడు.

పని అయ్యాక మిషన్ ఆపి, రెండు చేతులూ నా ముందు చాపి, గట్టిగా, "పదీ ఉన్నయి" అనేవాడు. నేనూ చాపాలి. "పదీ ఉన్నాయి కాకా" అనాలి. టెంపో డ్రైవర్ నవ్వేవాడు. మేమిద్దరం నవ్వేవాళ్ళం కాదు.

నాకు మిషన్ చేతికిచ్చిన రోజే ఒక మాట తీసుకున్నాడు. ఆయన భయం గొలుసు గురించి కాదు, తన చెయ్యి గురించి. సాంచె నడుస్తుండగానే రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి తెగిన పోగును లాగేసేవాళ్ళు పాత పనివాళ్ళు. సాంచె ఆపితే బట్ట తగ్గుతుంది, సేఠ్ అరుస్తాడు. నలభై ఏళ్ళు ఆ చెయ్యి నడిచేదాంట్లోకి దూరింది. "పుర్రెల పుట్టిన బుద్ధి పుడకలతోని గాని పోదంటరు. బుద్ధి సంగతేమో గాని, చేతి అలవాటు గంతే బిడ్డా. వయసు మీద పడితే మనిషి మరిచిపోతడు, చెయ్యి మరవదు. ఏదో ఒకనాడు దారమనుకొని దూరుతది. నాకు నేను తెల్సుకోలేను. నువ్వే చెప్పాలె. చెప్పిన్నాడు ఎందుకని అడగ, మిషన్ కింద పెడ్త. నీకు సుత నేను చెప్త" అన్నాడు. నేను సరేనన్నాను. నాకప్పుడు యాభై కూడా రాలేదు. నాకు చెప్పాల్సిన రోజు ఒకటొస్తుందని ఎవరు అనుకుంటారు?

ఆయనకు చెప్పాల్సిన రోజు రెండేళ్ళ కిందట వచ్చింది. ఉధ్నా స్టేషన్ అవతల ఒక సొసైటీలో వేపచెట్టు ప్రహరీ మీద ఒరిగింది. దానికంతా తిప్పతీగ అల్లుకుని ఉంది. తిప్పతీగకు సన్నటి వేర్లు దారాల్లా కిందికి వేలాడతాయి. కాక ఒక కొమ్మ కోసి రేసు వదిలాడు. గొలుసు ఇంకా తిరుగుతూనే ఉంది. ఆ వేర్లు నాలుగు దాని ముందు ఊగుతున్నాయి. కాక ఎడమచెయ్యి పిడి వదిలింది. రెండు వేళ్ళ కొసలు కలిశాయి. ఆ వేళ్ళు మెల్లగా, తొందరేమీ లేకుండా, ఆ దారాల వైపు వెళ్తున్నాయి.

అరిచినా లాభం లేదు. నేను ఎదురుగా పది అడుగుల్లో ఉన్నాను. రెండు వేళ్ళు ఎత్తి విడదీశాను. పోగు తెగింది.

కాక చూశాడు. చెయ్యి గొలుసుకు జానెడు దూరంలో ఆగిపోయింది. ఆ చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. మిషన్ ఆపి, ఛాతీ మీద ఒక్కసారి తట్టుకున్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ చాపాడు. ఎప్పుడూ చెప్పే మనిషి ఆరోజు అడిగాడు. "పదీ ఉన్నయా?" ఒక్కొక్క వేలూ పట్టుకుని చూసి, ఉన్నాయన్నాను. మిగతా చెట్టు నేను కోశాను. ఇంటికొచ్చాక నేను ముఖం దించుకుని కూర్చుంటే, "చెప్పినందుకు కాదు, చెప్పకుంటే ఏడ్వాలె" అన్నాడు. ఆ తర్వాత ఆయన మిషన్ ముట్టుకోలేదు. ఎందుకని కూడా అడగలేదు.

కానీ రావడం మానలేదు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి టెంపోలో వేసుకుని నాతోపాటు వచ్చేవాడు. నాకు ఎదురుగా, దుమ్ము పడనంత దూరంలో వేసుకుని కూర్చునేవాడు. కాక సూపర్వైజర్ అయ్యాడని గల్లీలో ఎగతాళి చేసేవారు. ఆయన చెట్టును చూసేవాడు కాదు, నన్ను చూసేవాడు. నా చేతులు, నా కాళ్ళు. నాకు లోపల మండేది. నాకింకా అరవై రాలేదు, నేనేమైనా సాంచెలు నడిపానా, నా చెయ్యి ఎందుకు దూరుతుంది అనుకునేదాన్ని. ఎదుటివాళ్ళకు చెప్పేటందుకే నీతులు.

ఇక ఆఖరి రోజు సంగతి. ఇది చెప్పకుండా తప్పించుకోవాలని చాలా చూశాను.

మెస్సు వెనక సర్కారు తుమ్మ మొద్దులు పడి ఉన్నాయి. పొయ్యికి పట్టేంత ముక్కలు కోస్తున్నాను. కాక కుర్చీలో ఉన్నాడు. ఒక మొద్దు వెనక్కి దొర్లింది. పెద్ద డేగిసా కింద కట్టె వెనక్కి జారితే నేను చేత్తో తొయ్యను, కాలితో నెడతాను. వంటవాళ్ళంతా అంతే. ఎన్నేళ్ళ అలవాటో నాకే తెలియదు. మిషన్ నిండు రేసులో ఉంది. నా కుడికాలు వెళ్ళి మొద్దును ముందుకు నెట్టింది. నాకు తెలియలేదు. కాలి వేళ్ళ మీద రంపపు పొట్టు వెచ్చగా పడితే కిందికి చూశాను. గొలుసుకూ నా బొటనవేలికీ మధ్య రెండంగుళాలు కూడా లేదు.

తల ఎత్తాను. కాక కుర్చీలోంచి సగం లేచి ఉన్నాడు. రెండు వేళ్ళు ఎత్తి విడదీశాడు.

నేను చూశాను. ఛాతీ మీద తట్టుకోవాలి. తట్టుకోలేదు. కంట్లో పొట్టు పడినట్టు నటించి ముఖం తిప్పేసుకున్నాను. కాలు వెనక్కి తీసుకుని మిగిలిన మొద్దులు కోశాను. మిషన్ కింద పెడితే నేను ముసలిదాన్నని నా అంతట నేను ఒప్పుకున్నట్టే. గల్లీలో మిషన్ పట్టే ఆడది నేనొక్కదాన్నే. ఆ పేరు పోతుందని భయం. కాలు పోతుందన్న భయం కంటే అది పెద్దదైపోయింది. ఓరకంట చూస్తే కాక చెయ్యి ఇంకా అలాగే ఉంది. చాలాసేపటికి దించి కూర్చున్నాడు.

పని అయ్యాక ఆయన ముందు చేతులు చాపి, "పదీ ఉన్నాయి కాకా" అన్నాను. ఆయన నా చేతులు చూడలేదు. నా చెప్పుల వైపు చూస్తూ, "వేళ్ళు కాళ్ళకు సుత ఉంటయి బిడ్డా" అన్నాడు. చాయ్ చల్లారిపోతోంది తాగు కాకా అని లోపలికి వెళ్ళిపోయాను. నాలుగు రోజులకు చిన్నమ్మ మా గుమ్మంలో నిలబడింది.

నేను చూశానని ఆయనకు తెలుసా, తెలియదా? చూడలేదనుకుని భయపడుతూ పోయాడా, చూసి కూడా దాచానని తెలిసి పోయాడా? రెండింట్లో ఏది తక్కువ తప్పో నాకు ఇప్పటికీ తేలడం లేదు.

కాక దినం రోజు వంట కట్టెల పొయ్యి మీదే కావాలంది చిన్నమ్మ. కోసినవి సరిపోవు. చీర మీద మా ఆయన పాత చొక్కా తొడుక్కుని మిషన్ తీశాను. మెస్సు వెనక ఎర్ర కుర్చీ వేసిన చోటే ఉంది, ఎవరూ తియ్యలేదు. గడియారం నాకు ఇచ్చేవాళ్ళు లేరు. తాడు లాగాను. భయం ఎప్పటిలాగే లేచింది. కాళ్ళు చూసుకుంటూనే కోశాను. మొదటి మొద్దు, రెండోది. మూడోది వెనక్కి దొర్లింది. నేను చూస్తూ ఉండగా, అంతా తెలిసి ఉండగా, నా కుడికాలు నన్ను అడక్కుండా ముందుకు బయలుదేరింది.

మిషన్ ఆపేశాను. గల్లీలో సాంచెల చప్పుడు మళ్ళీ వినపడింది. మిషన్ కింద పెట్టి, కుర్చీ వైపు తిరిగి, అరచేత్తో ఛాతీ మీద ఒక్కసారి తట్టుకున్నాను. "చూసిన కాకా" అన్నాను, ఆయనకు వినపడేంత గట్టిగా. లోపల ఉల్లిగడ్డలు కోస్తున్న ఆడవాళ్ళు ఏమైందని పరుగెత్తుకొచ్చారు. ఏమీ కాలేదన్నాను. మిగతా వంట గ్యాసు మీద చేశాను.

ఇప్పుడు కోసిన కట్టెలే తెప్పించుకుంటున్నాను. కానీ భయం మిషన్‌తో పోలేదు. కత్తిపీట ముందు కూర్చున్నా, మరిగే డేగిసా దించుతున్నా, నా ఒంట్లో ఇంకా ఏ చెయ్యి, ఏ కాలు నాకు చెప్పకుండా బయలుదేరుతుందో అనిపిస్తుంది. చూసి చెప్పే మనిషి లేడు.

ఆరోజు తొడుక్కున్న చొక్కా వంటగది మేకుకు వేలాడుతోంది. ఉతకలేదు. నూనె, పొట్టు అంటిన నా అరచెయ్యి అచ్చు దాని ఛాతీ మీద ఐదు వేళ్ళతో అలాగే ఉంది. పొద్దున పొయ్యి వెలిగించేముందు దాన్ని ఒకసారి చూస్తాను. తర్వాత కిందికి వంగి నా కాళ్ళు చూసుకుంటాను.