లిస్టక్క సముద్రం చూసిన రోజు

విమానాశ్రయంలో ఆవిణ్ణి అందరూ లిస్టక్క అనేవారు. సెలవుల విమానాల కౌంటరులో పంతొమ్మిదేళ్ళ ఉద్యోగం. అవి మామూలు విమానాలు కావు. టూర్ కంపెనీవాళ్ళు విమానం మొత్తాన్ని అద్దెకు తీసుకుని, హోటలుతో కలిపి సీట్లు అమ్ముతారు. వేసవి నాలుగు నెలలూ శనివారం శనివారం ఆ విమానం సముద్రంలోని ఒక దీవికి వెళ్ళి, అదే సాయంత్రం తిరిగొస్తుంది. కంపెనీ పంపిన లిస్టులో పేరుంటే ఎక్కాలి, లేకపోతే ఇంటికి పోవాలి. చంటిపిల్లను చంకనేసుకుని బతిమాలినా లిస్టక్క తలెత్తేది కాదు.

"లిస్టులో లేదండీ. నా చేతుల్లో ఏం లేదు" అనేది. అంత ఖరాఖండీ మనిషి మరి!

ఇన్నేళ్ళలో తను మాత్రం విమానం ఎక్కలేదు, సముద్రం చూడలేదు. వేసవిలో ఆఖరి శనివారం మేనేజరు అన్నాడు: "ఇవాళ ఖాళీగానే పోతోంది. ఎక్కేయక్కా!"

సోమవారం తొమ్మిదేళ్ళ కూతురికి ఆపరేషన్. "నువ్వు పక్కనుంటేనే మత్తుమందు ఇప్పించుకుంటా" అని ఆ పిల్ల ఒట్టు వేయించుకుంది. సాయంత్రం అదే విమానంలో వచ్చేస్తే సరి అనుకుని, లిస్టక్క ఎక్కేసింది.

సముద్రంలో మోకాళ్ళదాకా దిగింది. చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది. చెప్పుల్లో ఇసుకతో నాలుగింటికి దీవి కౌంటరు దగ్గరికి వస్తే, వరస గుమ్మం దాటి రోడ్డు మీదికి ఉంది. ఆవిడకు అప్పుడర్థమైంది. ఆఖరి వారం విమానం ఖాళీగా వెళ్ళేదే దీవిలో మిగిలినవాళ్ళందరినీ తీసుకురావడానికి! దిగేవాళ్ళ హాలులోకి ఏనాడూ తొంగిచూడని మనిషికి ఆ సంగతి ఎలా తడుతుంది?

"లిస్టులో మీ పేరు లేదాంటీ" అంది కౌంటరులోని అమ్మాయి. "ఇక విమానం వచ్చే వేసవికే. ఓడ మంగళవారం."

 లిస్టక్కకు తన మాటే తగిలింది.

"సోమవారం నా కూతురికి ఆపరేషనమ్మా... నీ చేతుల్లో ఏం లేదులే, నాకు తెలుసు."

"ఉండండాంటీ, అడుగుదాం" అని ఆ అమ్మాయి ఫోనెత్తింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. "ఒకాయన కాలు విరిగి ఆస్పత్రిలో ఉన్నాడట. ఆ సీటు మీకిమ్మన్నారు."

చీటీ చేతికొచ్చినా లిస్టక్క కదల్లేదు. 

"అలా అడగొచ్చా?"

"ఎందుకడక్కూడదు? ప్రతి శనివారం ఒకరిద్దరు రాకుండా పోతారుగా. కంపెనీని అడిగితే చాలామటుకు ఇచ్చేస్తారు."

వెనక జనం తొందరపెడుతున్నారు. ఆవిడ ఆ ఫోను వంకే చూస్తూ నిలబడిపోయింది. తన కౌంటరు మీద, కుడిచేతి పక్కనే, అచ్చం అలాంటిదే ఉంది. ప్రతి శనివారం పొద్దున్నే తనే దాని దుమ్ము తుడిచేది.