ఆరని తడి

వరిగడ్డిని కరిగించే ఉప్పు ఒకటుందంటే మా అత్తగారు నమ్మలేదు. అదీ పొయ్యి ఎక్కకుండానే నూనెలా పారే ఉప్పు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫీసుల మధ్య ఇరుక్కున్న చిన్న ల్యాబ్‌లో నా ఉద్యోగమే దానితో. ఆ ద్రవంలో గడ్డిపొడి వేసి వేడి చేస్తే బెల్లం పాకంలా అవుతుంది. నీళ్లు పోయగానే పాలు విరిగినట్టు తెల్లటి పీచు విడిపోతుంది. ఆ పీచును చక్కెరగా, చక్కెరను ప్లాస్టిక్‌కు పనికొచ్చే రసాయనాలుగా మారుస్తాం. నీళ్లు మరిగించి తీసేసి ద్రవాన్ని మళ్లీ వాడుకుంటాం. దానికి వాసన లేదు, ఆవిరైపోదు. చూడవచ్చిన వాళ్లందరికీ ఈ సంగతి గొప్పగా చెప్పేదాన్ని.

నేను నెల తప్పినప్పుడు, మూడో నెల దాటేదాకా ఈ మాట గడప దాటకూడదన్నారు అత్తగారు. దిష్టి తగులుతుందట. నాకు దిష్టి మీద నమ్మకం లేదు, ఆవిడ మాట కాదనే ధైర్యమూ లేదు. కూకట్‌పల్లి నుంచి వచ్చే షేర్ ఆటోలో కుదుపు వచ్చినప్పుడల్లా పొట్ట పట్టుకునేదాన్ని. ల్యాబ్‌లోకి వెళ్లాక మాత్రం హాయిగా ఊపిరి పీల్చుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం గ్లౌజు తీస్తే చూపుడువేలు జారుతోంది. గ్లౌజు కొసన చిన్న చిరుగు. చెమటేమోనని ఏసీ కింద చెయ్యి పెట్టి నిలబడ్డాను. ఆరలేదు. చెమట కాదు, ఆవిరవ్వని ఆ ద్రవమే. సబ్బుతో కడిగాను, చర్మం ముడతలు పడేదాకా కడుగుతూనే ఉన్నాను. తర్వాత ఆ ద్రవం సీసాతో వచ్చిన జాగ్రత్తల కాగితం తీశాను. గర్భంలోని బిడ్డకు హాని అన్న చోట ‘సమాచారం లేదు’ అని ఉంది. ప్రమాదమని రాసి ఉన్నా అంత భయపడేదాన్ని కాదేమో. ఇంతకు ముందు ఎన్నిసార్లు చేతికి అంటిందో, నాకు తెలియకుండా ఎంత లోపలికి పోయిందో.

దిష్టి సంగతీ అత్తగారి సంగతీ ఏమైతే అదయిందని మా ల్యాబ్ పెద్దాయన గదిలోకి వెళ్లి అంతా చెప్పేశాను. ఆయనది కరీంనగర్. కోప్పడతారనుకున్నాను.

“ముందుగాల చెప్పొద్దా అమ్మా? ఇగ ఆ రూంలకు పోకు” అన్నారు.

బిడ్డకేమైనా అవుతుందా అని అడిగాను. ఆయన ఈ ద్రవాల మీదే పీహెచ్‌డీ చేసిన మనిషి.

“నాకు తెల్వదమ్మా” అన్నారు.

డాక్టరమ్మ ఆ ద్రవం పేరే వినలేదు. స్కానింగ్‌కు వెళ్లిన ప్రతిసారీ వేళ్లన్నీ ఉన్నాయా, గుండె సరిగ్గా కొట్టుకుంటోందా అని ప్రాణం తీసేదాన్ని. అంతా బాగుందనేవారు ఆవిడ. మెట్లు దిగేలోపే భయం మళ్లీ వచ్చి కూర్చునేది.

పాప పుట్టింది. బాగుందని అందరూ అంటారు. ఇప్పుడు బడికి వెళ్తోంది. నిన్న సాయంత్రం చేతులు కడుక్కుని పరుగున వచ్చి, తడి అరచేతులు రెండూ నా చెంపలకు ఆనించి నవ్వింది. నేనూ నవ్వాను. తుడుచుకోలేదు. ఆ తడి ఆరేదాకా ఫ్యాను కింద కదలకుండా కూర్చున్నాను.