హెడ్మాస్టారి పెన్నుకు పట్టిన మెరుగు

తప్పు చేస్తే ఎవరికీ తెలియకుండా సరిచేసేయగలనని గట్టిగా నమ్మే వయసు నాకూ ఒకప్పుడు ఉండేది. అప్పటికి నేను భట్టిప్రోలులో టీచరుగా చేరి నాలుగు నెలలు. తెనాలి నుంచి రోజూ రేపల్లె బండిలో వెళ్లొచ్చేదాన్ని. మా హెడ్మాస్టారి జేబులో ఎప్పుడూ ఒక నల్లటి ఇంకు పెన్ను ఉండేది. ఆయన ఉద్యోగంలో చేరిన రోజున వాళ్ల నాన్నగారు కొనిచ్చారట. ఒక శనివారం మార్కుల రిజిస్టరు పూర్తిచేయమని ఆ పెన్ను నా చేతికిచ్చారు. రాయడం ముగించి, బండి వెళ్లిపోతుందన్న కంగారులో దాన్ని హ్యాండ్‌బ్యాగులో పడేసుకుని పరుగెత్తాను. ఆ బ్యాగులో తాళాలగుత్తి, పిన్నీసులు అప్పటికే కాపురం పెట్టి ఉన్నాయి. ఇంటికొచ్చి చూస్తే పెన్ను ఒళ్లంతా సన్నటి గీతలు! వెంటనే గిన్నెలు తోమే పొడి తీసుకుని రుద్దాను. (నేను కెమిస్ట్రీ చదివానని ఇక్కడ చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.) గీతలు పోలేదు సరికదా, ఉన్న నునుపు కాస్తా పోయింది. రాజీనామా లేఖలో మొదటి వాక్యం మనసులోనే రాసేసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే తెనాలి బజార్లో పెన్నులు బాగుచేసే తాతగారి దగ్గరికి వెళ్లాను. ఆయన పెన్నును వెలుతురుకు పట్టి చూశారు. “ఏంటమ్మా, దీంతో అంట్లు తోమారా?”

“లేదండి. దీన్నే తోమానండి.”

ఆయన నవ్వలేదు, మీసాలు మాత్రం కదిలాయి. ఇంకు పారబోసి, పాళీ ఊడదీసి పక్కన పెట్టి, మెత్తటి పాత పంచె ముక్క మీద కందిగింజంత తెల్ల టూత్‌పేస్టు వేసిచ్చారు. “నా చేతులు వణుకుతున్నాయమ్మా, మీరే రుద్దండి. గట్టిగా కాదు, గుండ్రంగా, నిదానంగా.” నేను తొందరపడినప్పుడల్లా “నెమ్మదమ్మా, నెమ్మది” అనేవారు. గంట దాటాక తడిగుడ్డతో తుడిస్తే పెన్ను నిగనిగలాడింది. రెండు గీతలు మాత్రం మిగిలాయి. “అవి లోతువి, వదిలేయండి. ఇంకా రుద్దితే పెన్ను అరుగుద్ది గానీ గీత పోదు,” అన్నారు.

సోమవారం ఏమీ ఎరగనట్టు దాన్ని హెడ్మాస్టారి బల్ల మీద పెట్టాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది నాది కాదమ్మా,” అన్నారు.

“మీదేనండి.”

“నాది ఇంత మెరవదమ్మా. మీ పెన్ను నాకెందుకు?”

అది ఆయనదేనని నమ్మించాలంటే బ్యాగు, పిన్నీసులు, గిన్నెల పొడి అన్నీ చెప్పక తప్పలేదు. చెబుతుంటే ఏడుపొచ్చేసింది. ఆయన అంతా విని, కాగితం మీద ఒక సంతకం చేసి చూసుకున్నారు. “మా నాన్న ఇచ్చినప్పుడు ఇట్టాగే ఉండేదమ్మా. నేనే మర్చిపోయా,” అని, పెన్ను జేబుకు పెట్టుకుని, “టిఫిన్ చేశారా?” అని అడిగారు.

చేయలేదు. ఆయన డబ్బాలోని ఇడ్లీలు చెరి రెండు తిన్నాం.

ఆ తాతగారు, హెడ్మాస్టారు, ఇద్దరిలో ఏ ఒక్కరు కసిరినా ఆ వారమే ఉద్యోగం మానేసేదాన్ని. ఇన్నేళ్లు పాఠాలు చెప్పుకుని బతికానంటే వాళ్ల చలవే. కళ్లొత్తుకుంటూనే రెండో ఇడ్లీకి చెయ్యి చాపిన ఆ పిల్ల గుర్తొస్తే మాత్రం, ఇప్పటికీ నవ్వు ఆగదు.