చంకలో సెలైన్ సీసా

ఏ. పళ్లిపట్టి అనే తమిళ ఊరి కూడలిలో నాకొక ఎలక్ట్రికల్ కొట్టు ఉంది. ఎల్ఈడీ మంచిదేనా అని అడిగిన పాపానికి, వచ్చినవాళ్లు ఈ కథంతా విని పోవాల్సిందే. ఇప్పుడు మీ వంతు.

సైన్యంలో నేను ఎలక్ట్రీషియన్‌ని. తుపాకీ కంటే టెస్టర్ పట్టిందే ఎక్కువ. మంచుకొండల మీద మా శిబిరంలో మొదట అన్నీ పసుపు బల్బులే. వాటికోసం తిరిగే జనరేటర్ చప్పుడుకు మేఘాలు కూడా పక్కదారి పట్టేవి. అది తాగే డీజిల్‌ను కింది నుంచి లారీలో మోసుకొచ్చేది మా ఊరికి రైలు దిగే బొమ్మిడికి చెందిన ఒక డ్రైవరు. ఆ కొండల్లో నాతో ఇంటి తెలుగు మాట్లాడే ప్రాణి అతనొక్కడే.

బ్యాటరీ మీద వెలిగే ఎల్ఈడీలు వచ్చిన రోజు నా పెళ్లినాటి కంటే ఎక్కువ సంబరపడ్డాను. సాయంత్రానికి ఒక్క పసుపు బల్బును మిగల్చలేదు. బ్యాటరీ నింపేటప్పుడు తప్ప జనరేటర్ నోరు మూసింది. డ్రైవరు రెండు చేతులూ ఎత్తి మొక్కాడు.

"నా ట్రిప్పులు సగం చేసినావన్నా! ఆ మలుపుల్లో నా ప్రాణం సగం మిగిలిచ్చినావు."

మూడో రోజు మధ్యాహ్నం ఆ మలుపుల్లోనే అతని లారీ జారింది. తొడ చీలి, నెత్తురు ఏరులా పోతున్నవాణ్ని వైద్య గుడారంలోకి మోసుకొచ్చారు. డాక్టరమ్మ సెలైన్ అడిగింది. పక్క గుడారంలోని చెక్కపెట్టె నుంచి సీసా తెచ్చి ఇచ్చాను. ఆమె దాన్ని ముట్టుకుని ఉలిక్కిపడింది. ఇంత చల్లటిది ఎక్కిస్తే మనిషి దక్కడంది.

అప్పుడు వెలిగింది నా బుర్ర. ఆ పెట్టెలో పగలూ రాత్రీ ఒక పసుపు బల్బు వెలుగుతూ ఉండేది. మూత వేసిన పెట్టెలో దీపం ఎవరు చూడాలి? సెలైన్‌కు వెచ్చదనం కోసం అది. దాన్నీ పీకి ఎల్ఈడీ పెట్టిన మేధావిని నేనే. మా సొంతూరు పెరియంపట్టిలో మా అమ్మ కోడిపిల్లల బుట్టలో బల్బు వేలాడదీస్తుంటే చూస్తూ పెరిగినవాణ్ని!

మళ్లీ బల్బు పెట్టినా, స్టవ్ మీద మంచు కరిగించి నీళ్లు కాచినా సీసా వెచ్చబడేసరికి నాలుగు యుగాలు పట్టేట్టుంది. చలికి బిగుసుకుపోయిన మేకపిల్లను అమ్మ తన కడుపుకు హత్తుకుని కొంగు కప్పడం గుర్తొచ్చింది. చొక్కా విప్పి ఒక సీసాను చంకలో పెట్టుకున్నాను. కైలాసం మీది మంచంతా నా చంకలోకి దిగినట్టనిపించింది. నన్ను చూసి పదిమంది జవాన్లు తలా ఒకటి చొక్కాల్లోకి దూర్చుకున్నారు. గుడ్లు పొదిగే పెట్టల్లా నిలబడ్డాం.

డ్రైవరు కళ్లు తెరిచి పైకి చూశాడు.

"ఏంటికన్నా ఇంత తెల్లటి లైటు? యముడు దారి తప్పకుండా రావల్లనా?"

"నోరు మూసుకోరా. నువ్వు పోతే మీ బొమ్మిడోళ్లు నన్ను రైలు దిగనిస్తారా?" అన్నాను.

నిజం చెప్పాలి. ఆ తెల్లటి వెలుగులోనే డాక్టరమ్మకు సూది గుచ్చడానికి, నెత్తురు పోయి కుంగిపోయిన నరం దొరికింది. పసుపు బల్బు కింద అతని చర్మమూ, నరమూ ఒకే రంగులో ఉండేవి. ఆమె మా సీసాలన్నీ ఒక్కొక్కటిగా చెంపకు ఆనించి చూసి, ఆ పదిమందిలో ఉన్న మా శిబిరం వంటాయనది ఎంచుకుంది. గాడిపొయ్యి లాంటి మనిషి ఆయన. తర్వాత నాది, తర్వాత మిగతావాళ్లవి. ఏ ఊరివాడో, ఏ భాషవాడో, అందరి ఒంటివేడీ ఆ గొట్టంలోంచి మా బొమ్మిడివాడిలోకి దిగింది. ఈనాటికీ ఆ పదిమందిని తలచుకోకుండా నేను అన్నంలో చెయ్యి పెట్టను.

గంటకు అతని పెదాలకు రంగొచ్చింది.

"అన్నా, మొదట ఎక్కిచ్చింది ఎవురిది?"

"వంటాయనది."

"అనుకుంటినిలే. నోట్లో సాంబారు రుచి వస్తా ఉంది."

నేను నవ్వబోయి ఏడ్చేశాను. ఏమైందని డాక్టరమ్మ హిందీలో అడిగింది. కొత్త లైటు మేడం, కళ్లకు పడట్లేదు అన్నాను.