బంగాళాఖాతానికి నేను కలిపిన ఉప్పు

అమీర్‌పేటలో సందుకో సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్ వెలిసిన రోజుల్లో నేనొక డీటీపీ షాపులో టైపు చేసేవాణ్ణి. పదో తరగతితో బడి ఆగింది. తర్వాత చదివిందంతా లైబ్రరీలోనే. సముద్రం గురించి అక్కడున్న మూడు పుస్తకాలూ రెండేసి సార్లు చదివాను. సముద్రాన్ని మాత్రం అప్పటికి చూడలేదు.

అందుకే మధురానగర్ హాస్టల్లో ఉండే పరిశోధకురాలు థీసిస్ చేతిరాత కాగితాలు తెస్తే ఆ పని అడిగి మరీ తీసుకున్నాను. కాకినాడ వైపు అమ్మాయి. వానాకాలం వెళ్లాక ఓడ మీద తిరిగి, బంగాళాఖాతం పైనీళ్లలో ఉప్పు ఎంతుందో కొలిచి వచ్చింది.

పట్టికలో ఒకచోట వరసగా 24, 25 అని ఉన్నాయి. కిలో సముద్రపు నీటిలో ముప్పై అయిదు గ్రాములకు అటూ ఇటూ ఉప్పుంటుందని నాకు కంఠతా వచ్చు. ఊగే ఓడలో మూడు రాయబోయి రెండు రాసి ఉంటుందనుకున్నాను. 34, 35 అని కొట్టాను. స్పెల్లింగులు చెప్పకుండా దిద్దడం మాకు అలవాటే. ఆమె కూడా ప్రూఫులో వాక్యాలే చూసుకుంది.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది.

"ఏంటండీ ఇది? గంగ, బ్రహ్మపుత్ర వచ్చి కలిసే చోటండీ అది. అక్కడ ఉప్పు తగ్గిందనేగా నా థీసిస్ అంతా! పుస్తకానికి సరిపోయేట్టు అంకెలు వండేశావా అంటున్నారు మా గైడ్ గారు."

మా ఓనర్ భాయ్ అడ్డం వచ్చాడు. "మిషన్ గలతీ మేడమ్. గిట్ల మస్తు అయితుంటయ్."

"మిషన్ కాదు భాయ్, నేనే మార్చిన."

"నువ్వా? హుస్సేన్‌సాగర్ దాటి ఎన్నడన్న పోయినవ్‌రా?"

మర్నాడు ఆమె వెంట వెళ్లి, చేసింది చేసినట్టు గైడ్ గారి ముందే రాసిచ్చాను. ఆయన నమ్మారు. అయినా అన్ని అధ్యాయాల అంకెలూ ఓడ రికార్డులతో మళ్లీ సరిచూడమన్నారు. ఆ పని తెమిలేలోపు తర్వాతి ఓడలో వెళ్లేవాళ్ల జాబితా ఖరారయింది. అందులో ఆమె పేరు లేదు. ఆ మాట షాపు మెట్ల మీద నిలబడి మామూలుగానే చెప్పింది. తిట్టి ఉంటే బాగుండేది.

మిగిలిన అధ్యాయాలు ఎదురు షాపుకిచ్చింది. నా కుర్చీలోంచి కనబడేది. ఆ టైపిస్టు పక్కనే స్టూలు వేసుకుని, ఒక్కో అంకె పైకి చదువుతూ, అతను కొట్టాక తెర మీద వేలు పెట్టి చూసుకుని, అప్పుడు గానీ తర్వాతి అంకె చదివేది కాదు.