రెక్సిన్ గుడ్డ కప్పిన చేపల తొట్టి

మా చిన్నప్పుడు... చేపలకు ఊపిరి మేమే పోసేవాళ్లం. మల్కాపురంలో మా వసారాలో, నాన్న పాత కిటికీ అద్దాలతో చేయించిన తొట్టి ఉండేది. అందులో తొమ్మిది చేపలు. మోటారు లేదు, గొట్టం లేదు.

తొట్టిలోంచే చెంబుతో నీళ్లు ముంచి, మూరెడు ఎత్తు నుంచి సన్నటి ధారగా మళ్లీ అందులోనే పోయాలి. పూటకు ఇరవై చెంబులు. పొద్దున నేను, సాయంత్రం మా చెల్లెలు సీతాలు. నేర్పింది పక్కింటి అప్పలమ్మత్త. వాళ్లాయన సముద్రం మీద వేటకు వెళ్లేవాడు.

"నీల్లు కదల్తేనే గాలి దిగుతాదే పాపా. నిలిసిపోతే సేప పైకొచ్చి నోరెల్లబెడతాది" అనేది.

ఒక వేసవిలో ఎలమంచిలిలో పెళ్లి... రెండు రోజులు ఇల్లు తాళం. ఓడరేవు వైపు నుంచి ఎర్రదుమ్ము వచ్చి పడేది కదా, ఊరెళితే నీళ్లబిందె నుంచి కుట్టుమిషను దాకా అన్నీ కప్పడం మా ఇంటి ఆనవాయితీ. ఆసారి కప్పింది నేను. తొట్టిని అంచుదాకా నింపి, రెక్సిన్ గుడ్డ కప్పి, తాడుతో బిగించాను.

"అక్కా, గాలెలాగ దూరతాదే? అప్పలమ్మత్తకి తాళమిచ్చి ఎల్దుమే" అంది సీతాలు.

"క్లాసు ఫస్టు నాదా, నీదా? నడువ్" అన్నాను.

మూడోరోజు వచ్చి తాడు విప్పితే... తొమ్మిదీ వెల్లకిలా తేలి ఉన్నాయి.

"ఇదెవలు కప్పీసేరే?" అని నాన్న అడిగారు.

"సీతాలు" అన్నాను.

నాకు పదకొండేళ్లు, దానికి ఏడు. ఎన్నడూ చెయ్యెత్తని నాన్న ఆరోజు దాన్ని కొట్టారు. అది నా వైపు ఒకసారి చూసింది... కాదని మాత్రం అనలేదు. కొన్నాళ్లకు ఆయనే మనసు కరిగి కొత్త చేపలు తెస్తానంటే, "వద్దు నాన్నా, నాకు సూసుకోడం రాదు" అంది.

రోజూ ఇరవై చెంబులూ లెక్క తప్పకుండా పోసిన పిల్ల ఆ మాట అంది. నేను పక్కనే నిలబడి విన్నాను.

మొన్న నా మనవరాలు ద్వారకా నగర్ నుంచి చేపల తొట్టి తెచ్చుకుంది. "ఫిల్టరు మూతి పైకి తిప్పు, నీటి మీద అల ఆడాలి. ధార మరీ జోరుగా వద్దు, చిన్న చేపలు ఈదలేక అలిసిపోతాయి. కరెంటు పోతే చెంబుతో నీళ్లు పోయాలి" అని చెప్పాను.

"ఇయన్నీ నీకెవలు నేర్పేరు నాన్నమ్మా?" అంది. అప్పలమ్మత్త అన్నాను. సాయంత్రం చెంబులు పోసిన సీతాలు పేరు మాత్రం చెప్పలేక లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను.

సీతాలు పోయి రెండేళ్లు. అంతకు ముందు ఎన్నో ఏళ్లు ప్రతి ఆదివారం ఫోనులో మాట్లాడుకున్నాం... పిల్లలు, మోకాళ్ల నొప్పులు, కూరల ధరలు. ఆ తొట్టి మాట అది ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు స్విచ్చి వేస్తే చాలు, చేపలకు గాలి అందుతోంది... మీ ఇంట్లో తప్పు ఒకరిది, దెబ్బలు ఇంకొకరివి అయిన రోజు ఉందా? ఆ రెండోవాళ్లు ఇంకా ఉన్నారా? ఉంటే ఇక్కడ నాకు రాయకండి. ముందు వాళ్లకు ఫోను చేయండి.