మూడు సాళ్ల తొవ్వ

ఆడమనిషి సైకిలెక్కి పోతుంటే జనం చేతిలో పని వదిలి గడపల్లోకి వచ్చి నిలబడే కాలం అది. నిజాం రాజ్యం పోయి ఐదారేళ్లయింది. కచేరీల్లోంచి ఉర్దూ ఇంకా పూర్తిగా పోలేదు, బళ్లలోకి తెలుగు ఇంకా పూర్తిగా రాలేదు. ఆ సందులోంచి దూరి నాలాంటివాళ్లు కొందరం పంతులమ్మలమైపోయాం. హైదరాబాదులో బి.ఏ. చదివి, కాలేజీ వక్తృత్వ పోటీల్లో మూడేళ్లు వరసగా మొదటి బహుమతి కొట్టి (మూడో ఏడు నాకు పోటీగా నిలబడింది ఒక్కతే, ఆమెకు ఆ రోజు జ్వరం; ఈ సంగతి నేను చాలాకాలం ఎవరికీ చెప్పలేదు), నాతో వాదించి గెలిచే మనిషి ఈ భూమ్మీద లేదన్న నమ్మకంతో, మా అన్న వాడి వదిలేసిన ఒక సైకిలుతో, మంథని నుంచి పెద్దపల్లి పోయే సడక్ మీది ఒక ఊరి మిడిల్ స్కూల్లో దిగాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆ పిల్లను ఎవరైనా బస్సు దగ్గరే ఆపి, ఇన్ని మంచినీళ్లిచ్చి, కాసేపు నోరు మూసుకు కూర్చోమని ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

మా బడికి క్రోసు దూరంలో నేతపనివాళ్ల పల్లె ఒకటుండేది. అక్కడినుంచి ఏడుగురు పిల్లలు మూడు సైకిళ్ల మీద వచ్చేవాళ్లు. అవి వాళ్ల బాపులు వారానికోసారి గుడ్డల మూటలు కట్టుకుని అంగడికి పోయే సైకిళ్లు, మిగతా రోజులు పిల్లలవి. సీటు మీద కూర్చుంటే కాళ్లందవు కాబట్టి, కడ్డీ కింది సందులోంచి కాలు దూర్చి, ఒంటి పక్కకు వంగి కైంచీ తొక్కేవాళ్లు. ఆ ఏడుగురిలో ఆడపిల్ల ఒక్కతే. ఏడో తరగతి. వాళ్లన్న వెనక కేరియర్ మీద సద్దిగిన్నె ఒళ్లో పెట్టుకుని వచ్చేది. దానికి బళ్లో అందరూ నోటిలెక్క అని పేరు పెట్టారు. నేను బోర్డు మీద లెక్క రాసి వెనక్కి తిరిగేలోపల జవాబు చెప్పేసేది. (రెండుసార్లు నా జవాబు తప్పని కూడా చెప్పింది. నేను వాదించాను. రెండుసార్లూ దానిదే ఒప్పు.)

ఆ సడక్ మీదే మహదేవపూర్ అడవుల నుంచి టేకు దుంగల లారీలు రైలు స్టేషనుకు పోయేవి. దుంగలు లారీ వెనక నాలుగు గజాలు బయటికి పొడుచుకుని వచ్చి, మలుపు తిరిగినప్పుడు సడక్ అంతా ఊడ్చినట్టు తిరిగేవి. వానాకాలం అయిపోతున్న రోజుల్లో ఒకనాడు పొద్దున ఒక దుంగ నోటిలెక్క వాళ్లన్న హ్యాండిలుకు తగిలింది. సైకిలు, అన్న, చెల్లె, సద్దిగిన్నె అందరూ కాలవలో పడ్డారు. దేవుడి దయ, మోచేతులు గీరుకుపోవడమే. కానీ మర్నాడు వాళ్ల బాపు బడికి వచ్చాడు. భుజం మీది తువాల తీసి చేతిలో పట్టుకుని, నా మొహం చూడకుండా నేలను చూస్తూ మాట్లాడాడు.

“పిలగాండ్లంటె ఎట్లనో వస్తరు టీచరమ్మా. ఆడివిల్లను గా సడక్ మీద పంప. ఇగ ఇంటికాడ నూలు కండెలు సుట్టుకుంటది.”

“మార్చిలో పరీక్ష ఉంది! జిల్లాలో మొదట నిలిచే పిల్ల అది!”

“పానం ఉంటె గద పరీక్ష.”

“సడక్ కాక ఇంకో తొవ్వ ఉంటే పంపుతవా?”

ఆయన అప్పుడు తలెత్తాడు. “ఉంటె ఎందుకు పంప? పొలాల నడుమకెల్లి తొవ్వ చూపెట్టుండ్రి, పరీక్షదాక నేనే దించివోత. గని ఏడున్నది తొవ్వ?”

“నేను తెస్తాను,” అన్నాను. భూమి, పొలాలు, ఊరి జనం అన్నీ మా నాన్న ఆస్తి అయినట్టు.

ఇక చూడండి నా హడావిడి. సెలవురోజు బడి బావి చేదతాడు విప్పుకుపోయి పొలంగట్లన్నీ కొలిచాను. (ఆ పూట బళ్లో ఉండే అటెండరు కుటుంబానికి నీళ్లు లేవు. ఆయన భార్య నన్ను తిట్టిన తిట్లు ఈ పత్రికలో అచ్చువేయరు.) నేతపల్లె వెనకనుంచి, వాగు దాటి, కందిచేల మీదుగా బడి పెరటి గోడకు వచ్చేట్టు ఒక బాట తేలింది. ఎదురెదురుగా రెండు సైకిళ్లు వస్తే తప్పుకునేంత వెడల్పు చాలు. ఏడుగురు రైతుల భూమి అంచులు తగులుతాయి. పెద్ద కాగితం మీద రంగు పెన్సిళ్లతో పటం గీశాను. ఇక్కడ గంట కొట్టవలెను, ఇక్కడ దిగి నడవవలెను, ఇక్కడ ఒకరి వెనక ఒకరు పోవలెను అని పన్నెండు నియమాలు రాసి ప్రార్థన వేళ చదివి వినిపించాను. పిల్లలు చాలా శ్రద్ధగా విన్నారు. చివరికి నోటిలెక్క వాళ్లన్న చెయ్యెత్తాడు. “టీచరమ్మా, బర్లు ఎదురొస్తె ఎవలు దిగాలె? మేమా, బర్లా?” బడంతా నవ్వింది. హెడ్డు సారు దగ్గు తెచ్చుకుని మొహం తిప్పుకున్నారు. నేను మాత్రం ఆ రాత్రే పదమూడో నియమం రాశాను.

పటం పట్టుకుని రైతుల ఇళ్లకు పోతే ఒక్కరూ అవుననలేదు, కాదనలేదు. “చూద్దాం తీయి”, “మా తమ్ముణ్ని అడగాలె”, “అవ్వ ఏమంటదో”. అందరి నోట ఆ అవ్వే. కందిచేను అవ్వ అనేవాళ్లు ఆమెను. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, బాట మధ్యలో పడే రెండెకరాల చేను ఆమె ఒంటి చేత్తో చేసుకునేది. ఆమె సంగతి తేల్చుకుందామని, బాట తొక్కి చూసినట్టూ ఉంటుందని, పటం సంచిలో పెట్టుకుని సైకిలెక్కి గట్టు మీదుగా బయల్దేరాను. వెనక మా బడి పిల్లలు చూడ్డానికి నిలబడ్డారు. వీపు నిటారుగా పెట్టుకుని, మొదటి నియమం ప్రకారం గంట కొడుతూ, అవ్వ చేను మొదటి మలుపు దగ్గర సరాసరి పక్కనున్న వరిమడిలోకి దిగిపోయాను. మోకాళ్లదాకా బురద. సైకిలు నామీద. పటం సంచితో సహా మునిగింది.

నన్ను జబ్బ పట్టి లాగింది ఒక ముసలి చెయ్యి. అంత బలం ఆ చేతిలో ఎక్కడుందో తెలీదు.

“ఏంది బిడ్డా, సదువుకున్నోళ్లకు గట్టు కనవడదా?”

ఇంటికి తీసుకుపోయింది. తన చేత్తో కాళ్లు కడిగింది. (వద్దంటే “నోరు మూయి” అంది. మూశాను. నా జీవితంలో అట్లాంటి సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.) జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టి, నేను తింటుంటే ఎదురుగా కూర్చుని, ఎందుకొచ్చానో అడిగింది. పటం బురదలో పోవడం నా అదృష్టం. చూపించడానికేమీ లేక, లారీ సంగతి, ఆ పిల్ల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను.

“గింతేనా? గా లెక్కల పోరి కోసమా?” అంది. “నా చేన్ల మూడు సాళ్ల మేర జాగ ఇడిశిపెడ్త. తిర్గుండ్రి. ఎవలు కాదంటరో నేను జూస్త.”

మర్నాటికల్లా తక్కిన ఆరుగురూ, “అవ్వ ఇచ్చినంక మేం ఇయ్యమా?” అన్నారు. నోటిలెక్క వాళ్ల బాపు పల్లె మగవాళ్లను వెంటేసుకుని వాగులో బండలు పరిచాడు. మూడు సైకిళ్లు కందిచేల నడుమ గంటలు కొట్టుకుంటూ రావడం నేను బడి గోడెక్కి చూశాను. వెనక కేరియర్ మీద ఆ పిల్ల. కంది పూత పసుపులో తల మాత్రమే కనబడుతూ, ఏటిలో తేలి కొట్టుకొస్తున్నట్టుండేది. అట్లా ఎనిమిది రోజులు.

ఎనిమిదే. ఎందుకంటే తొమ్మిదో రోజుకు నాకొక ఆలోచన వచ్చింది. నోటిమాట మీద నడిచే బాట ఎన్నాళ్లు నిలుస్తుంది? రేపెవరైనా దున్నేస్తే? అన్నీ పక్కాగా ఉండాలి, ఏడుగురి చేతా ఒప్పుదల కాగితం రాయించుకోవాలి, తాలూకా కచేరిలో ఇస్తే బాట మీద మొరం మట్టి కూడా పోయిస్తారు. ఎవరూ అడగలేదు ఈ కాగితం. కచేరివాళ్లు అడగలేదు, పిల్లల తల్లిదండ్రులు అడగలేదు. హెడ్డు సారైతే చేతులు జోడించి, “నడుస్తున్నదాన్ని నడవనీయమ్మా,” అన్నారు. ఆయన్ను పావుగంటలో వాదించి ఓడించాను. పావుగంట పట్టిందని నాకు చిన్నతనంగా కూడా అనిపించింది. బడి బీరువాలోంచి సిరా దిమ్మ తీసుకుని, మొదట కందిచేను అవ్వ ఇంటికే పోయాను. పెద్దరికం ఇచ్చినట్టుంటుందని.

అవ్వ వాకిట్లో మరో నలుగురు ఆడవాళ్లతో పల్లికాయ వొలుస్తోంది. కాగితం పరిచి, చదివి, వేలిముద్ర కోసం సిరా దిమ్మ మూత తీశాను. ఆమె చెయ్యి కొంగులోకి పోయింది.

“ఏలెందుకు బిడ్డా? తొవ్వ ఇచ్చినగద.”

“ఇచ్చినవు, కాని రాతల ఉండాలె గద పెద్దవ్వా.”

“మా ఆయినె గట్లనే ఒక కాయితం మీద ఏలు పెట్టిండు. భూమి కొల్తకని పట్వారి తెచ్చిండు, తాడేసి కొల్శిండు సుత. వానకాలం వచ్చెవరకు మా నల్లచెల్క మాది కాకపాయె. నువ్వు సుత తాడు పట్టుకోని తిర్గినవని ఇన్న. పోనీ పొల్లగదా అనుకున్న.”

అక్కడ ఆగాల్సింది. ఏ మనిషైనా అక్కడ ఆగుతుంది. నేను మాత్రం కాలేజీ వేదిక ఎక్కేశాను. “అది నిజాం కాలం పెద్దవ్వా! ఇప్పుడు మన సర్కారు, మన చట్టం!”

“సర్కారు మారితె ఏలు మారుతదా?”

పక్కన ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. జవాబు దొరక్క ఓడిపోతున్నానని నాకు తెలిసిపోయింది. ఓడిపోవడం నాకు అలవాటు లేదు. అప్పుడన్నాను ఆ మాట. ఎంతో తర్కంగా ఉందనిపించింది అప్పుడు నాకు.

“సరే. రేపు నువ్వు మాట తప్పినవనుకో, గీ పిల్లలు ఎవర్ని అడగాలె?”

అవ్వ ఒడిలోని గింజలు చేటలో పోసి, కొంగు దులుపుకుని లేచింది.

“నేను మాట తప్పుతనా?” అని అడిగింది. నన్ను కాదు, ఆ నలుగురినీ అడిగింది. “నా నోటి మీద నమ్మకం లేనిదానికి నా భూమి మీద ఏం పని?” అని లోపలికి పోయి తడక వేసుకుంది.

నేను గెలిచాను. ఎదుటిమనిషి దగ్గర జవాబు లేకపోతే గెలిచినట్టే కదా మా పోటీల్లో.

తెల్లారేసరికి బాటకు అడ్డంగా తుమ్మకంప పడింది. టీచరమ్మ ఏలిముద్రలు అడుగుతోందట అన్న మాట నా సైకిలు కన్నా వేగంగా ఊళ్లు తిరిగి, సాయంత్రానికి ఏడు చేలల్లోనూ కంప వేయించింది. మగపిల్లలు మళ్లీ సడక్ ఎక్కారు. నోటిలెక్క వాళ్ల బాపు ఇంకోసారి బడికి వచ్చి, “మీరు మంచికే చేసిండ్రు టీచరమ్మా, జర పరేషాన్ గాకుండ్రి,” అని నన్నే ఓదార్చి పోయాడు. ఆయన నాలుగు తిట్టి ఉంటే నాకు వాదించడానికి ఏదైనా దొరికేది.

క్షమాపణ అడగడానికి పోలేదని అనుకోకండి. పోయాను. “తప్పు నాదే పెద్దవ్వా, కాని నువ్వు కూడ జర ఆలోచించాలె...” అని మొదలుపెట్టాను. రెండోసారి పోయి, “తప్పంత నాదే, కాని నా ఉద్దేశం...” అన్నాను. ఆమె విసుక్కోలేదు. “మాఫీ అడుగవస్తివా, కొట్లాటకొస్తివా బిడ్డా? జర తేల్చుకోని రాపో,” అంది. తేల్చుకోలేకపోయాను. మార్చిలో పరీక్షలు జరిగాయి. నోటిలెక్క కూర్చునే చోట ఇంకెవరో కూర్చున్నారు. జూన్‌లో నన్ను ఆదిలాబాదు వైపుకు బదిలీ చేశారు. హెడ్డు సారు వీడ్కోలు సభలో నా గురించి చాలా మంచిగా మాట్లాడారు, మొహంలో సంతోషం దాచుకోలేక.

పన్నెండేళ్ల తర్వాత పరీక్షల పని మీద మంథని పోతూ, ఏమనిపించిందో ఆ ఊరి దగ్గర బస్సు దిగాను. నేతపల్లెకు నడిచిపోయి అడిగితే ఒక ఇల్లు చూపించారు. మగ్గం గుంతలో కూర్చున్న మనిషి చెయ్యి ఆపి చూసి, “టీచరమ్మా!” అంది. గొంతు పట్టి గుర్తుపట్టాను. చాయ తెప్పించింది. పల్లెలో ఎవరు పడుగు వేసినా పోగుల లెక్క తననే అడుగుతారని, కాగితం ముట్టకుండా చెప్తానని నవ్వుతూ చెప్పింది. అవ్వ పోయి మూడేళ్లయిందట.

“తొవ్వ పడ్డది, ఎరుకేనా?” అంది. “మీరు బదిలీ అయి పోయిన ఏడే. అవ్వనే వచ్చి కంప తీసింది. ‘టీచరమ్మ పోయిందిగద, ఇగ నడువుండ్రి’ అన్నది. ఆమెను చూసి అందరు తీసిండ్రు.”

“మరి నువ్వు?”

“నేను గప్పటికే గీ గుంతల దిగిన గద.”

ఒక్క ఏడాది ఆలస్యం. ఆ బాట పడ్డానికి కావాల్సింది పటం కాదు, పదమూడు నియమాలు కాదు, కాగితం అసలే కాదు. నేను ఊళ్లో లేకపోవడం. అదేదో ఆ పరీక్షకు ముందే జరిగి ఉంటే! నామీద కోపం లేదా అని అడిగాను. అడగకూడదు, తెలుసు, అడిగాను.

“కోపమేంది టీచరమ్మా,” అంది మళ్లీ మగ్గం నాడె చేతిలోకి తీసుకుంటూ. “ఎన్మిది దినాలు గా కందిచేన్లకెల్లి పోయిన. గాలి మస్తుండె.”

నా దగ్గర జవాబు లేదు. వెతకలేదు కూడా.

తిరిగి బస్సు దగ్గరికి ఆ బాటనే నడిచాను. మొరం లేదు, హద్దురాళ్లు లేవు. సైకిలు చక్రాలు తొక్కి తొక్కి నేల రాయిలా గట్టిపడింది. నేను బాట మధ్యలో నిలబడి వెడల్పు అడుగులతో కొలుస్తున్నాను, అలవాటు పోదు కదా. ఎదురుగా నాలుగు సైకిళ్లు వచ్చాయి. బడి వదిలినట్టుంది. అందులో రెండిటిని ఆడపిల్లలే తొక్కుతున్నారు, కైంచీ కూడా కాదు, సీటు మీద కూర్చుని. ముందున్న పిల్ల గంట కొట్టింది. మళ్లీ కొట్టి, “ఓ ముసలమ్మా, జర పక్కకు జరుగు!” అని అరిచింది.

నాకప్పటికి ముప్పై ఏడేళ్లు. నెత్తిన నాలుగు వెంట్రుకలు తెల్లబడ్డ మాట నిజమే. నడిచేవాళ్లకా, సైకిళ్లకా, ముందు దారి ఎవరికివ్వాలన్నదాని మీద నేను అరగంట మాట్లాడగలను. నోరు తెరిచాను కూడా. తెరిచిన నోటితోనే చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని కందిచేలోకి దిగి నిలబడ్డాను. వాళ్లు గాలిలా దాటిపోయారు.